విండోస్ 10 టైమ్ అయిపోయింది: ఇంట్లో కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేయాలా, వద్దా?

ఈ రోజు ఎపిసోడ్ ఫోన్ గురించి కాదు. మీ ఇంట్లో హాల్లో ఒక మూల, దుమ్ము పడకుండా టవల్ కప్పి పెట్టిన కంప్యూటర్ ఉంటుంది చూడండి, దాని గురించి. మనం రోజంతా ఫోన్‌లోనే ఉంటాం కానీ, అప్లికేషన్ పెట్టాలన్నా, ప్రింట్ తీయాలన్నా, ప్రాజెక్ట్ రిపోర్ట్ చేయాలన్నా చివరికి దాని ముందే కూర్చుంటాం.

2025 అక్టోబర్ 14. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ ఆగిపోయింది. 2015 జులై 29న వచ్చిన సిస్టమ్ ఇది, పదేళ్లు దాటింది. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా నేను చూసిన ఇళ్లల్లో, నెట్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇదే.

ఈ విషయం మీద నాకు రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి, "అన్నా, కంప్యూటర్ ఆగిపోతుందంట, కొత్తది కొనాలంట". రెండోది, "ఏం కాదులే బ్రో, మన దగ్గర హ్యాక్ చేయడానికి ఏముంది?" రెండూ తప్పే. ఎందుకు తప్పో చెప్తాను, ఆ తర్వాత మీ ఇంట్లో ఉన్న మెషీన్‌కి ఏది కరెక్టో మీరే తేల్చుకోవచ్చు.

ముందు మొదటి మాట. కంప్యూటర్ ఆగిపోదు. ఆన్ అవుతుంది, ఫైల్స్ ఓపెన్ అవుతాయి, బ్రౌజర్ పనిచేస్తుంది. ఆగిపోయింది ఒక్కటే, సెక్యూరిటీ అప్‌డేట్స్. మీ ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్తే "సెక్యూరిటీ ప్యాచ్" అని ఒక తేదీ ఉంటుంది కదా. కొన్నేళ్లకి ఆ తేదీ కదలడం మానేస్తుంది, ఫోన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇదీ అంతే. తలుపు అలాగే ఉంది, తాళం రిపేర్ చేసేవాడు రావడం మానేశాడు.

ఇక రెండో మాట. తాళం రిపేర్ కాకపోతే ఏమవుతుందో మన దగ్గరే ఒకసారి జరిగింది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. నెట్‌వర్క్‌లో ఫైల్స్ షేర్ చేసుకునే భాగంలో ఉన్న లోపానికి అది మందు. రెండు నెలలు కూడా కాకముందే, మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ అదే లోపంలోంచి దూరింది. ఫైల్స్ అన్నీ లాక్ చేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితేనే తెరుస్తానంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు పేషెంట్లను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పటి వార్తల్లో వచ్చిన జిల్లాల పేర్లలో గుంటూరు కూడా ఉంది. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న కాబట్టి, అప్పటికి మనమంతా గుంటూరు జిల్లానే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, వానాక్రై ఎవరినీ పేరు పెట్టి వెతకలేదు. ప్యాచ్ వేయని మెషీన్ ఎక్కడ కనిపిస్తే అక్కడ దూరింది. "మన దగ్గర ఏముంది" అనే ప్రశ్నే దానికి లేదు. మీ దగ్గర ఏముందో మీకు తెలుసు కదా: చెల్లి సర్టిఫికెట్ల స్కాన్‌లు, పొలం కాగితాలు, నాన్న పాన్, ఆధార్, పెళ్లి ఫోటోలు. వాళ్లకి విలువ లేకపోవచ్చు, మీకు ఉంది. వాళ్లు డబ్బులు అడిగేది కూడా అందుకే.

అయితే కంగారు కూడా వద్దు. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14న ఆగింది. క్రోమ్ బ్రౌజర్ మాత్రం దాని మీద 2023 మొదటి దాకా అప్‌డేట్ అవుతూనే ఉంది. ఇప్పుడు కూడా బ్రౌజర్లు వెంటనే చేతులెత్తేయవు. అంటే ఆలోచించుకోవడానికి టైమ్ ఉంది. టైమ్ ఉంది కదా అని మర్చిపోవడం వేరు, ఆ టైమ్‌ని వాడుకోవడం వేరు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. మీ కంప్యూటర్ విండోస్ 11 తీసుకుంటుందా లేదా? రూల్స్ ఇవి. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్. వీటన్నిటికంటే ఎక్కువమందికి అడ్డం పడేది ప్రాసెసర్ జనరేషన్. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్, ఆ పైన ఉండాలి. 8వ జనరేషన్ వచ్చిందే 2017లో.

ఎలా కనుక్కోవాలి? "దిస్ పీసీ" మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఐ3-6100 అని ఉంటే 6వ జనరేషన్. ఐ5-7200 అయితే 7వది. ఐ5-8250 అయితే 8వది. గీత తర్వాత నంబర్ 10, 11, 12 ఇలా మొదలైతే ఇంకా కొత్తది. ఏఎండీలో ఈ లెక్క కొంచెం గజిబిజి. అందుకే మైక్రోసాఫ్ట్ వాళ్ల "పీసీ హెల్త్ చెక్" అనే ఫ్రీ యాప్ వేసుకుంటే, అవును, కాదు అని అదే చెప్తుంది.

ఒక జాగ్రత్త. ఆ యాప్ "టీపీఎం లేదు" అంటే వెంటనే నమ్మేసి దిగులు పడకండి. చాలా డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉంటుంది, కానీ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చేస్తే "లేదు" అన్న మెషీనే "ఉంది" అంటుంది. దానికోసం మదర్‌బోర్డ్ మార్చాలని ఎవరైనా అంటే, ముందు బయోస్ ఓపెన్ చేసి చూపించమనండి.

ఇప్పుడు దారులు చెప్తాను.

మొదటి దారి: మెషీన్ రూల్స్‌కి సరిపోయింది, మీది ఒరిజినల్ లైసెన్స్. అప్‌గ్రేడ్ ఫ్రీ. చేసేయండి. నా సలహా ఒక్కటే, 4 జీబీ ర్యామ్ అనేది కాగితం మీద లెక్క. 8 జీబీ, ఒక ఎస్ఎస్‌డీ ఉంటేనే హాయిగా ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 వేస్తే, స్టార్ట్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు.

రెండో దారి: మెషీన్ సరిపోలేదు, కానీ బాగానే నడుస్తోంది. దీనికి ఈఎస్‌యూ అని ఒకటి ఉంది, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్. ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు. మూడు రకాలుగా చేరొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి పీసీ సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఫ్రీ. లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు. లేదా 30 డాలర్లు, మన రూపాయల్లో దానికి సమానంగా. డబ్బులు కట్టాల్సిన పనే లేదు, మొదటి పద్ధతి చాలు. మీ విండోస్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే "ఎన్‌రోల్ నౌ" అని కనిపిస్తుంది. కొత్త ఫీచర్లు ఏమీ రావు, తాళం రిపేర్ మాత్రం జరుగుతుంది. మనకి కావాల్సింది అదే.

మూడో దారి: లైనక్స్. "అమ్మో, అది మనకెందుకు" అనుకోకండి. పక్కన కేరళలో గవర్నమెంట్ స్కూల్ పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన తెలుగు వాళ్లలో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లైనక్స్‌ని తెలుగులోకి తేవడానికి చాలా కాలంగా పనిచేశారు. లైనక్స్ మింట్ 22 అయితే 2029 దాకా అప్‌డేట్స్ వస్తాయి, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ మీద కూడా నడుస్తుంది. బ్రౌజింగ్, యూట్యూబ్, లిబ్రే ఆఫీస్, కోడింగ్ నేర్చుకోవడం, వీటికి బాగా సరిపోతుంది. బీటెక్ వాళ్లయితే ఒకసారి వేసి చూడండి, రేపు జాబ్‌లో సర్వర్లు ఎక్కువ ఉండేది దీని మీదే.

కానీ ఇంట్లో పని ఏంటో చూసుకోండి. ట్యాలీ విండోస్‌కి చేసిన సాఫ్ట్‌వేర్. క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటి ప్రింటర్ మన జిరాక్స్ షాపుల్లో చాలా చోట్ల ఉంటుంది, లైనక్స్‌లో దాన్ని పని చేయించడం తలనొప్పి. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసేవాళ్లకి ఈ దారి వద్దు. వేలిముద్ర మెషీన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు ఆ కంపెనీ లైనక్స్‌కి డ్రైవర్ ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపి చూడొచ్చు. ఒక ఆదివారం అట్టా నడిపి, మీ ప్రింటర్, మీ వైఫై పనిచేస్తే అప్పుడు నిర్ణయించుకోండి.

నాలుగో దారి: రూల్స్ తప్పించి విండోస్ 11 వేయడం. యూట్యూబ్ నిండా వీడియోలు ఉన్నాయి. పని జరుగుతుంది, అబద్ధం చెప్పను. కానీ అలాంటి మెషీన్‌కి అప్‌డేట్స్ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. మరీ పాతవి, కోర్ 2 డుయో కాలం నాటివైతే 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు. మనం అప్‌గ్రేడ్ చేసేదే అప్‌డేట్స్ కోసం. అవే వస్తాయో రావో తెలియని చోటికి వెళ్లి లాభం ఏంటి? చదువుకునే కుర్రాళ్లు స్పేర్ మెషీన్ మీద ప్రయోగం చేసుకోండి. ఇంటి పని నడిచే మెషీన్ మీద వద్దు.

ఐదో దారి కొనడం. దానికి ముందు ఒక కేసు చెప్తాను.

గురజాల వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. డిగ్రీ ఫస్టియర్. ఇంట్లో 6వ జనరేషన్ ఐ3 డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. వాళ్లమ్మ ఆ కంప్యూటర్ మీదే ఊళ్లో వాళ్లకి అడంగల్, 1బీ కాగితాలు తీసిస్తుంది, పిల్లలకి ఎగ్జామ్ అప్లికేషన్లు నింపుతుంది. షాపులో చూపిస్తే, "ఇది ఇక పనికిరాదు, 35,000 పెట్టి కొత్తది తీసుకోండి" అన్నారట. వాళ్ల నాన్న మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి ఇస్తానన్నాడు. ఆ తమ్ముడు రాసిన చివరి లైన్ ఇది: "అన్నా, అవి అక్క ఫీజుకి ఉంచిన డబ్బులు. కొనకపోతే అమ్మ పని ఆగిపోతుందా?"

నేను అతనికి చెప్పింది ఇది. ఆగిపోదు తమ్ముడూ. 6వ జనరేషన్‌కి విండోస్ 11 రూల్స్ ప్రకారం రాదు, అది నిజమే. కానీ "రాదు" అంటే "పనికిరాదు" అని కాదు. ముందు ఈఎస్‌యూలో చేరు, ఫ్రీ. 2026 అక్టోబర్ దాకా ప్యాచ్‌లు వస్తాయి. అంటే ఇంకో మిర్చి పంట డబ్బులు చేతికొచ్చే దాకా కొనడం గురించి ఆలోచించక్కర్లేదు. చేతిలో కొంచెం ఉంటే ఒక 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించు, అమ్మకి స్పీడ్ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ర్యామ్ ధరలు 2025 చివర్లో బాగా పెరిగాయి కాబట్టి, దాని ధర అడిగి అప్పుడు చూసుకో. బ్యాంక్ పని, యూపీఐ పని అప్‌డేట్స్ వస్తున్న ఫోన్‌లో చేసుకోండి, ఆ కంప్యూటర్‌లో బ్యాంక్ పాస్‌వర్డ్‌లు సేవ్ చేయొద్దు. ఊళ్లో వాళ్ల ఆధార్ స్కాన్‌లు పని అవ్వగానే డిలీట్ చేయమని అమ్మకి చెప్పు. మన దగ్గర లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు.

షాపు అతన్ని తిట్టాల్సిన పని కూడా లేదు. కొత్తది అమ్మడం అతని వ్యాపారం. కొనాలా వద్దా అని లెక్క వేసుకోవడం మన పని.

నిజంగానే కొనే పరిస్థితి ఉందనుకోండి. కొత్తదే కావాలని లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఆఫీసుల్లో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. అక్కడ మీరు చూడాల్సింది మొదట రంగు కాదు, స్టిక్కర్ కాదు, జనరేషన్. 6, 7 జనరేషన్లు "విండోస్ 11 వేసిచ్చాం" అంటూ అమ్మేవాళ్లు ఉంటారు. అది నాలుగో దారే, వేరే పేరుతో. 8 కంటే తక్కువ అయితే వద్దని చెప్పి లేవండి. ఇంకోటి, మీకు వేసిచ్చిన విండోస్ క్రాక్ చేసిందైతే, తాళాలు బాగు చేయించుకోవడానికి దొంగని పిలిచినట్టే. ఆ క్రాక్ టూల్స్‌లో ఏం కలిపారో మనకి తెలియదు.

ఇప్పుడు మొదటి దారిలో ఉన్నవాళ్లకి, అంటే అప్‌గ్రేడ్ చేయబోయేవాళ్లకి, చేసే ముందు చూసుకోవాల్సినవి.

ఒకటి, బ్యాకప్. బయటి హార్డ్ డిస్క్‌లోకి గానీ, పెన్‌డ్రైవ్‌లోకి గానీ ముఖ్యమైనవన్నీ కాపీ చేయండి. చేసి, ఆ డిస్క్ తీసేసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది. బ్యాకప్ లేకుండా అప్‌గ్రేడ్ అంటే, కోడిపందెంలో రాజ్యాన్ని ఒడ్డినట్టే. ఆ పందెం తర్వాత మాచర్ల వాళ్ల గతి ఏమైందో పల్నాడు వాళ్లకి నేను చెప్పాలా?

రెండు, కరెంట్. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే, మధ్యలో కరెంట్ పోతే ఇబ్బంది. రెంటచింతల ఎండల్లో, మే నెల మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించే చేయండి.

మూడు, డేటా. డౌన్‌లోడ్ చాలా పెద్దది. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇది అయ్యే పని కాదు. ఏపీ ఫైబర్‌నెట్ గానీ, వేరే బ్రాడ్‌బ్యాండ్ గానీ ఉన్న ఫ్రెండ్ ఇంటికి వెళ్లి ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మాత్రమే.

నాలుగు, రికవరీ కీ. విండోస్ 11లో కొన్నిసార్లు డ్రైవ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దాని కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ షాపు వాళ్లది అయితే, కీ కూడా వాళ్ల దగ్గరే ఉన్నట్టు. అకౌంట్ మీదే పెట్టుకోండి, కీ ఒక నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టండి.

ఐదు, తెలుగు. 11లో తెలుగు టైపింగ్ 10లో లాగే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసే ఫొనెటిక్ కీబోర్డ్ కూడా ఉంది. పాత డాక్యుమెంట్లు గౌతమి ఫాంట్‌లో చేసి ఉంటే, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోండి. పాత అను వెర్షన్లు, పాత ప్రింటర్లు వాడేవాళ్లు మాత్రం 11లో పనిచేస్తుందో లేదో అమ్మినవాళ్లని అడిగాకే ముట్టుకోండి. ఆ మెషీన్ మీదే సంపాదన ఉంటే, పెళ్లిళ్ల సీజన్‌లో అసలు వద్దు.

ఆరు, పది రోజులు. అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి "గో బ్యాక్" నొక్కితే పాత విండోస్ వెనక్కి వస్తుంది. అందుకే మొదటి రెండు రోజుల్లోనే ప్రింటర్, స్కానర్, ట్యాలీ, అన్నీ ఒకసారి నడిపి చూడండి. పదకొండో రోజు గుర్తొస్తే ఉపయోగం ఉండదు.

చివరిగా ఒక హెచ్చరిక. ఈ గందరగోళాన్ని వాడుకునేవాళ్లు ఉంటారు. స్క్రీన్ మీద "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని వస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబర్ ఉండదు. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి, ఏదో యాప్ వేసుకోమని, స్క్రీన్ చూపించమని అడగరు. అమ్మకి, నాన్నకి ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి. డబ్బులు పోయాయంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

మొత్తం ఒక్క ముక్కలో చెప్పాలంటే: మెషీన్ సరిపోతే బ్యాకప్ తీసుకుని 11కి వెళ్లండి. సరిపోకపోతే ఈఎస్‌యూలో చేరి 2026 అక్టోబర్ 13 దాకా నిశ్చింతగా ఉండండి, ఈలోపు లైనక్స్ ఒకసారి చూడండి. కొనడం అన్నిటికంటే చివరి మాట. ఏమీ చేయకుండా వదిలేయడం మాత్రం దారి కాదు.

ఈ వీడియో చూస్తున్నవాళ్లలో చాలామందికి ఇంట్లో ఆ కంప్యూటర్ గురించి అడిగేది మిమ్మల్నే. "మన చదువుకున్నోడు ఉన్నాడుగా" అంటారు. కాబట్టి ఈ ఆదివారం ఆ టవల్ తీసి, గీత తర్వాత ఏ నంబర్ ఉందో చూడండి. అక్కడి నుంచి మిగతాది సులువే. వచ్చే ఎపిసోడ్‌లో పాత ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ మనమే ఎలా మార్చుకోవాలో, స్క్రూడ్రైవర్ పట్టుకుని చూపిస్తాను. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.